కళాశాల విద్యార్థినుల ఆందోళన: గ్రామ పంచాయతీల కర్తవ్యము

ఒక తరము వెనుక మన గ్రామములలో ఆడపిల్ల పదవ తరగతి పూర్తిచేయుటయే గొప్ప విషయముగా నుండెడిది. నేడు ఉదయపు బస్సులో సమీప పట్టణమునకు పోయి డిగ్రీ చదువు బాలికలు దాదాపు ప్రతి గ్రామమునందును కలరు. దూరప్రాంతముల వసతిగృహములలో నుండి ఇంజనీరింగు, నర్సింగు, వ్యవసాయశాస్త్రము, ఉపాధ్యాయ శిక్షణ అభ్యసించువారును కలరు. కేంద్ర విద్యాశాఖవారి 2021-22 లెక్కల ప్రకారము దేశములో ఉన్నతవిద్య నభ్యసించువారు సుమారు 4.33 కోట్ల మంది, వారిలో 2.07 కోట్ల మంది స్త్రీలు. ఇది సామాన్యమైన ప్రగతి కాదు.

ఈ ప్రగతితోపాటు ఒక చిక్కుకూడ మన గ్రామములలోనికి వచ్చినది. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్ల సరిగా భుజింపదు. రాత్రులు నిదుర పట్టదు. గుండె దడదడలాడుచున్నదని చెప్పును. తిరిగి కళాశాలకు పోవలసిన రోజు దగ్గరపడగానే కడుపునొప్పియో, తలనొప్పియో వచ్చును. ‘చదువెక్కువై మతి చెడినది’ అని కొందరు, ‘గాలి సోకినది’ అని కొందరు అందురు. తాయెత్తు కట్టించువారు కొందరైతే, చదువు మాన్పించి సంబంధము చూచువారు మరికొందరు.

ఇట్టి సమయములందు తల్లిదండ్రులు ఊరిలోని పెద్దలను సలహా యడుగుట వాడుక. పంచాయతీ సభ్యుడో, సభ్యురాలో చెప్పిన ఒక్క మాటనుబట్టి ఆ బాలిక చదువు నిలుచుటయో, ఆగిపోవుటయో జరుగును. కావున ఈ ఆందోళన ఏమిటి, ఏ చదువులో ఏ రూపమున కనబడును, దానికి ఉపశమనమెక్కడ లభించును అను సంగతులను సభ్యులు తెలిసికొనియుండుట అవసరమని మేము భావించుచున్నాము.

ఆందోళన యనగా నేమి?

రాబోవు ఆపదను తలచుకొని మనస్సు కలవరపడుటయే ఆందోళన. పొలమునకు పోవు దారిలో పాము ఎదురైనచో మన గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి త్వరితమగును, అరచేతులు చెమర్చును. శరీరములో ఎడ్రినలిన్ అను ద్రవము ఊరి, పరుగెత్తుటకో, ఎదిరించుటకో మనలను సిద్ధము చేయును. పాము పోయిన పిదప కొంతసేపటికి శరీరము కుదుటపడును. ఎదుట పాము లేకపోయినను ఈ సన్నాహమంతయు దినదినము జరుగుచుండినచో మనిషి అలసిపోవును. ఆందోళన రోగముగా మారుట ఈ విధముననే జరుగును.

కొంత బెదురు మంచిదే. పరీక్ష యనిన భయము బొత్తిగా లేనివాడు పుస్తకము తెరువడు. యెర్క్స్, డాడ్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1908లో ఎలుకలపై పరిశోధనలు చేసి, ఉత్తేజము ఒక మేరవరకు నేర్పునకు తోడ్పడుననియు, కష్టమైన పనియందు ఆ మేర మీరినచో నేర్పు తగ్గుననియు తెలిపిరి. వానకు చెరువు నిండుట మేలు. మితిమీరినచో కట్ట తెగును.

స్పీల్‌బర్గర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించిన 40 ప్రశ్నల పట్టిక నేటికిని అనేక దేశములలో విద్యార్థుల ఆందోళనను కొలుచుటకు వాడబడుచున్నది. అందు 20 ప్రశ్నలు ‘ఈ క్షణమున ఎట్లున్నారు?’ అనునట్టివి, తక్కిన 20 ‘సాధారణముగా ఎట్లుందురు?’ అనునట్టివి. సందర్భమునుబట్టి వచ్చిపోవు ఆందోళన యొకటి, మనిషి స్వభావములోనే యుండు ఆందోళన వేరొకటి యని దీని భావము. ఈ భేదము మనకును పనికివచ్చును. పరీక్షల పక్షములో మాత్రమే నిదురపట్టని బాలిక విషయము వేరు. ఫలితములు వచ్చి, మంచి మార్కులు వచ్చినను కలత తీరని బాలిక విషయము వేరు. మొదటి యామెకు ధైర్యవచనములు, విశ్రాంతి చాలును. రెండవ యామెకు వైద్యసహాయము కావలెను.

చదువునుబట్టి భయము

కళాశాల విద్యార్థినులందరి ఆందోళనయు ఒకే తీరున నుండదు. వరికి వచ్చు తెగులు వేరు, మిరపకు వచ్చు తెగులు వేరు. పిల్ల యేమి చదువుచున్నదో తెలిసినచో ఆమె భయమునకు మూలమెక్కడనో ఊహించుట సులభము.

ఇంజనీరింగు: పదవ తరగతి మార్కుల ఆధారముగా ప్రవేశము కల్పించి, గ్రామీణ బాలబాలికలకు ఆరు సంవత్సరముల విద్య నొసగుటకు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది. నూజివీడు, ఇడుపులపాయ మున్నగు స్థలములలో దానికి విద్యాలయములు కలవు. పదునైదు పదునారేండ్ల బాలిక తొలిసారి ఇల్లు విడిచి అచ్చట వసతిగృహములో చేరుచున్నది. తన పాఠశాలలో ప్రథమురాలుగా నున్న పిల్ల, తనవంటి ప్రథములనడుమ ఒకానొకతె యగును. ఇతర ఇంజనీరింగు కళాశాలలలోను తెలుగు మాధ్యమమున చదివివచ్చిన వారికి ఆంగ్ల బోధన తొలి సంవత్సరమున కొరకరాని కొయ్యగా నుండును. ఒక విషయములో తప్పినచో అది బ్యాక్‌లాగుగా మిగిలి, తరువాతి పరీక్షలతో కలిసి బరువగును. చివరి సంవత్సరమున ఉద్యోగపు ఎంపికలు జరుగును. తోటివారు ఎంపికయై తాను కానిచో, ఊరిలో ఏమని చెప్పవలెనను చింత పీడించును.

వైద్యము, నర్సింగు: ఇందు ప్రవేశమునకు ముందే ఆందోళన మొదలగును. వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకై ఒక సంవత్సరము, రెండు సంవత్సరములు ‘లాంగ్ టర్మ్’ శిక్షణ పొందు బాలికలు, ఈసారియు సీటు రానిచో ఇంటివారి సొమ్ము వృథా యగునను భయముతో కాలము గడుపుదురు. ప్రవేశము లభించిన పిదప భయము మరొక రూపు దాల్చును. నర్సింగు చదువునది 4 సంవత్సరముల బి.ఎస్‌సి. అయినను, 3 సంవత్సరముల డిప్లొమా అయినను, విద్యార్థినికి ఆసుపత్రిలో పని తప్పదు. మందు మోతాదులో పొరపాటు వచ్చినచో ప్రాణహానియను భయము, కన్నులయెదుట రోగి మరణించుట మొదటిసారి చూచినపుడు కలుగు దుఃఖము, రాత్రి డ్యూటీలచే నిదుర చెడుట, ఇవి ఆమె కష్టములు. వీటిని ఇంటిలో చెప్పినచో ‘ఆ చదువెందుకు, వచ్చివేయుము’ అందురేమోయని చెప్పక దాచుకొనును.

వ్యవసాయశాస్త్రము: ఈ విద్యార్థినులు తమ 4 సంవత్సరముల చదువులో చివరి సంవత్సరమున కొంతకాలము గ్రామములలో నుండి రైతులతో కలిసి పనిచేయవలయును. అనగా వీరి భయమునకు మన గ్రామమే రంగస్థలము. క్రొత్త ఊరిలో బస ఎట్లుండునో, స్నానపు గది, మరుగుదొడ్డి యుండునో లేదో, ఆడపిల్ల మాటను రైతు వినునో లేదో యని వారు బెంగపడుదురు. ఇట్టివారు మీ గ్రామమునకు వచ్చినపుడు వారికి సురక్షితమైన బస చూపి, రైతులకు పరిచయము చేసినచో వారి ఆందోళనలో చాల భాగము తీరును.

ఉపాధ్యాయ శిక్షణ: 2015 నుండి బి.ఇడి. 2 సంవత్సరముల చదువైనది. వీరిని బాధించునది చదువుకంటె చదువు తరువాతి నిరీక్షణము. మన రాష్ట్రములో 2018లో డి.ఎస్‌సి. ప్రకటన వచ్చిన పిదప ఆ నియామకములకై అభ్యర్థులు ఏండ్ల తరబడి వేచియుండిరి. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు ప్రకటన వెలువడినది. ఇట్టి నిరీక్షణకాలమున ఆడపిల్లకు ఒకవైపు వయస్సు గడచుచున్నదను మాట, మరియొకవైపు పెండ్లి యొత్తిడి. ‘ఇంకను ఎన్నాళ్లు చదువుదువమ్మా?’ అని పొరుగువారడుగు ప్రశ్న మామూలుగా తోచవచ్చును. దానిని పదిమంది పదిసార్లు అడిగినచో, అది వినుచున్న పిల్ల గడప దాటుటయే మానును.

సాధారణ డిగ్రీ: బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. చదువు బాలికల చదువు సులభమైనదని లోకుల అభిప్రాయము. అందువలన వీరి కలతను ఎవరును లెక్కచేయరు. ఈ చదువుతో ఏమి ఉద్యోగము వచ్చుననునదే వీరి మొదటి చింత. రెండవది రాకపోకలు. ప్రతిదినము ఊరినుండి పోయివచ్చువారిలో వీరే అధికులు. సాయంకాలపు బస్సు తప్పినచో చీకటిపడిన పిదప ఇల్లు చేరవలెను; దారిలో ఆకతాయిల వెకిలిచేష్టలు సహింపవలెను; ఇంటికి చేరినపిదప ‘ఇంత ఆలస్యమేల?’ అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు మొదలైన బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యము కల్పింపబడుటతో టిక్కెట్టు ఖర్చు తగ్గినది. బస్సు వేళకు వచ్చునట్లు చూచుట మిగిలియున్నది.

అన్ని చదువులకును సమానమైనవి

పైని చెప్పిన భేదములు ఉన్నను, కొన్ని కారణములు అందరికిని సమానము. ఫీజు సొమ్ము వేళకు చేరక, పరీక్షకు హాలుటిక్కెట్టు ఇత్తురో లేదోయని భయపడుట యొకటి. ఇంటిలో తమ్ముని చదువునకు, తన చదువునకు ఒకేసారి డబ్బు కావలసివచ్చినపుడు తన చదువే ఆగునని శంకించుట వేరొకటి. సెల్‌ఫోనులో ఎవడైన తన ఫొటోను దుర్వినియోగపరచునేమోయను జంకు ఇటీవలి కాలపు క్రొత్త బాధ. అన్నిటికంటె పెద్దది, ‘కష్టముగా నున్నదని చెప్పినచో చదువు మాన్పించి పెండ్లి చేయుదురు’ అను భయము.

ఈ చివరి కారణమును సభ్యులు శ్రద్ధగా ఆలోచింపవలెను. బాలిక తన బాధను చెప్పకుండుటకు ముఖ్యకారణమిదియే. చెప్పక దాచిన బాధ ముదురును. ముదిరిన పిదప పెద్దలు చూచి, చదువే కారణమని తలచి, చదువు మాన్పింతురు. దానితో, భయపడినదే జరిగినదని చూచిన ఇతర బాలికలుకూడ నోరు మెదపరు. ఈ వలయమును గ్రామములోని పెద్దలే తెంపగలరు. కళాశాలలో కూర్చున్న అధ్యాపకునకు అది సాధ్యము కాదు. ఆందోళనకు చదువు మాన్పించుట వైద్యము కాదని, ధైర్యముగా చెప్పిన పిల్లకు చదువు పోదని గ్రామమందలి ప్రతి ఇంటికిని తెలియవలెను. కాలు విరిగినవానికి కట్టు కట్టించి నడిపింతుము గాని, ఇక నడువవలదని చెప్పము గదా!

గుర్తించుట ఎట్లు?

రెండు వారములకు పైబడి నిదుర లేకుండుట, ఆహారము తగ్గుట, నిష్కారణముగా ఏడ్చుట, ఎవరితోను మాట్లాడక గదిలో నుండుట, గుండెదడ, చేతులు వణకుట, చదివినది నిలువకుండుట, కళాశాలకు పోవుటకు మాటిమాటికి వెనుకాడుట, ఇవి గమనింపదగిన గుర్తులు. కొందరికి హఠాత్తుగా ఊపిరాడనట్లు, ప్రాణము పోవునట్లు తోచి, కొన్ని నిమిషములలోనే ఆ బాధ మిక్కుటమై, క్రమముగా తగ్గును. దీనినే భూతావేశమని పొరపడుట కలదు. అది ఆందోళన యొక్క తీవ్రరూపము, చికిత్సకు లొంగునట్టిది.

అయితే ప్రతి గుండెదడయు మనోవ్యాధి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదని తేలినది. రక్తహీనత వలనను, థైరాయిడ్ గ్రంథి దోషము వలనను గుండెదడ, అలసట, వణకు కలుగవచ్చును. కావున మొట్టమొదట ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో వైద్యునికి చూపి రక్తపరీక్ష చేయించుట ఉత్తమము. దీనివలన మరియొక ప్రయోజనమును కలదు: ‘పిచ్చి’ యను నింద లేకుండ పిల్ల వైద్యుని గడప తొక్కును.

‘బ్రతుకెందుకు’, ‘నేను లేకపోయినచో మీకు భారము తగ్గును’ వంటి మాటలు విన్నచో ఒక దినమైనను ఆలస్యము చేయరాదు. ఆ మాటలు బెదిరింపులని త్రోసివేయరాదు. ఆమెను ఒంటరిగా విడువరాదు. పురుగుమందులను ఇంటినుండి తొలగింపవలెను. వెంటనే వైద్యసహాయము పొందవలెను.

సహాయమెక్కడ లభించును?

బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములలో సర్వే జరిపి, పెద్దవారిలో నూటికి 10 మందికి మించి ఏదో యొక మానసిక రుగ్మత కలదనియు, వారిలో అధికసంఖ్యాకులు ఎట్టి చికిత్సను పొందుట లేదనియు తెలిపిరి. చికిత్స లేక కాదు. దానిని గురించి తెలియక, తెలిసినను సిగ్గుపడి పోక. ఆందోళనకు మందులు కలవు; మాటలద్వారా మనస్సును సరిదిద్దు చికిత్సయు కలదు. మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును గనుక రెండుదినములు వాడి మానుట తగదు.

కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ అను ఉచిత టెలిఫోను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఫోను చేయవచ్చును. శిక్షణ పొందినవారు తెలుగులో మాట్లాడుదురు. అవసరమైనచో వైద్యుని వద్దకు పంపుదురు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో 1996 నుండి అమలులోనికి వచ్చినది. జిల్లా ఆసుపత్రిలో ఈ వివరములు తెలియును. విశాఖపట్టణములో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 10 నుండి 19 సంవత్సరముల వయస్సువారికై 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమువలన కిశోరబాలికలకు సలహాలిచ్చు ఏర్పాటుకూడ జరిగినది.

చట్టమును అనుకూలముగా నున్నది. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక చికిత్స పొందుటను పౌరుల హక్కుగా గుర్తించినది. విశాఖపట్టణములో వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుచు 2023లో మరణించిన 17 సంవత్సరముల విద్యార్థినికి సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు నొసగుచు దేశమంతటికి మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. 100 మందికి తక్కువకాని విద్యార్థులుగల ప్రతి విద్యాసంస్థయు శిక్షణ పొందిన సలహాదారుని నియమించుకొనవలెను. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధము ఏర్పరచుకొనవలెను. సహాయపు ఫోను సంఖ్యలను తరగతులలోను, వసతిగృహములలోను కనబడునట్లు వ్రాయించవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరుచేసి కూర్చుండబెట్టుట, పదిమందిలో అవమానించుట తగదు. మీ గ్రామపు బాలిక చదువు కళాశాలలో ఇవి జరుగుచున్నవో లేదో విచారించు హక్కు తల్లిదండ్రులకు కలదు.

పంచాయతీ చేయదగిన పనులు

వీటిలో అధికభాగమునకు డబ్బు అవసరము లేదు.

1. గ్రామమునుండి కళాశాలకు పోవు బాలికల పట్టిక నొకటి తయారుచేయించుడు. ఏ ఊరిలో ఏమి చదువుచున్నదో, వసతిగృహములో నున్నదో, దినమును పోయివచ్చుచున్నదో తెలిసియుండవలెను. ఈ పని మహిళా సభ్యులు చేసినచో బాగుండును. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి గనుక ఇందుకు కొరత యుండదు.

2. దసరా, సంక్రాంతి సెలవులలో పిల్లలు ఇంటికి వచ్చినపుడు మహిళా సభ్యురాలు, ఆశా కార్యకర్త కలిసి వారిని పలకరింపవలెను. ‘మార్కులెన్ని వచ్చినవి?’ అని మొదట అడుగరాదు. ‘అచ్చట నీకు ఎట్లున్నదమ్మా? తిండి, నిదుర బాగున్నవా? తోడు ఎవరైన ఉన్నారా?’ అని అడుగవలెను. చెప్పిన దానిని ఊరిలో చాటరాదు. ఒక్కసారి గుట్టు బయటపడినచో మరల ఏ పిల్లయు చెప్పదు.

3. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, బస్సు ఆగు చోటు, పాలకేంద్రముల గోడలపై 14416 సంఖ్యను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించుడు. స్త్రీల సహాయమునకు 181, అత్యవసరమునకు 112 సంఖ్యలనుకూడ దాని ప్రక్కన వ్రాయించుడు.

4. సాయంకాలపు బస్సు వేళ కళాశాల విడుచు వేళకు సరిపోవుచున్నదో లేదో విచారించి, లేనిచో పంచాయతీ తీర్మానముచేసి బస్సు డిపో మేనేజరుకు పంపుడు. బస్సు ఆగు చోటనుండి ఊరిలోనికి వచ్చు దారిలో వీధిదీపములు వెలుగుచున్నవో లేదో మీరే ఒక రాత్రి నడిచి చూడుడు. ఆకతాయిలను మందలించుట పెద్దల పని. పిల్లను ఇంటిలో కూర్చుండబెట్టుట దానికి మార్గము కాదు.

5. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును మన పంచాయతీలు వసూలు చేయుచున్నవి. గ్రామములో గ్రంథాలయమున్నచో, సెలవులలోను, పోటీపరీక్షల కాలములోను బాలికలు కూర్చుండి చదువుటకు కొన్ని గంటలు ప్రత్యేకించుడు. ఒంటరిగా ఇంటిలో చదువు పిల్లకు నలుగురి తోడు లభించును.

6. ఫలితములు వెలువడు దినములలో పాసైనవారిని ఊరేగించి, తప్పినవారిని ఎత్తిపొడుచు అలవాటును మానిపించుడు. ఆ వారములో తప్పిన పిల్లల ఇండ్లకు పోయి, మరల వ్రాయవచ్చునని చెప్పినచో అది పెద్ద ఉపకారము.

7. 2006 చట్టము ప్రకారము 18 సంవత్సరములు నిండని బాలికకు వివాహము చేయుట నేరము. ఇంటరు చదువుచు బెదరిన పిల్లకు పెండ్లియే మందని ఎవరైన తలపెట్టినచో ఆపించుట పంచాయతీ కర్తవ్యము. 18 నిండిన యువతి విషయములోను ఆమె ఇష్టము తెలిసికొనకుండ తొందరపడవలదని తల్లిదండ్రులకు నచ్చజెప్పుడు.

8. గ్రామసభలో సంవత్సరమునకు ఒక్కసారియైన ఈ విషయమును చర్చకు పెట్టుడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని పిలిచి మాట్లాడించినచో, ‘గాలి సోకినది’ అను మాటకు బదులు ‘వైద్యునికి చూపితిరా?’ అను మాట ఊరిలో వాడుక యగును.

తల్లిదండ్రులకు ఒక మాట

ఎకరము అమ్మియో, అప్పు చేసియో ఆడపిల్లను చదివించు తల్లిదండ్రుల త్యాగము గొప్పది. అయితే ఆ అప్పును పిల్లకు దినమును గుర్తుచేయుట మేలు చేయదు. వారమునకొకసారి ఫోనులో మాట్లాడునపుడు డబ్బు సంగతి, మార్కుల సంగతి పక్కనబెట్టి ఇంటి గేదె ఈనిన సంగతి, ముంగిట మల్లె పూచిన సంగతి చెప్పుడు. ‘నీకు కష్టమనిపించినచో మాకు చెప్పుము, దానివలన నీ చదువు ఆపము’ అని ఒక్కసారి స్పష్టముగా తండ్రి చెప్పినచో, ఆ మాట వంద ధైర్యవచనములతో సమానము.

గ్రామమునుండి ఒక నర్సు, ఒక ఇంజనీరు, ఒక ఉపాధ్యాయురాలు తయారగుటకు పదునైదు పదునారేండ్ల కాలము, ఒక కుటుంబపు కష్టార్జితము వెచ్చింపబడుచున్నవి. ఆ పంట చేతికి వచ్చు తరుణమున భయమను తెగులుతో పాడుకానీయరాదు. గత సంవత్సరమున మీ గ్రామములో కళాశాల చదువు నడుమ మానివేసిన బాలికలెందరు, ఏ కారణమున మానిరి అను ప్రశ్నతో రాబోవు పంచాయతీ సమావేశమును ప్రారంభింపుడని సభ్యులను మేము కోరుచున్నాము. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములలో మీరు చేయవలసిన పని మీకే కనబడును.